తావత్తు

గోడకి సున్నం కొట్టి ఎండాక
వాళ్ళాయన చీటీ ఇచ్చాడు:
'గంధం ఇశ్రాయేలు', మూరెడు ఎత్తున, ఎర్ర రంగు.
కింద జానెడులో, నీలం, 'గారి భార్య ఎస్తేరురాణి'.
చిట్టినగర్ కొండ మీద
మా వార్డు ఆడవాళ్ళకి పడిన ఏడాది అది.
నిచ్చెన దిగుతుంటే
చంకలో బిందెతో ఒకావిడ ఆగింది.
"నా పేర్లో తావత్తు మింగేశావు ఖాజా."
ఆ ఎన్నికల్లో ఆవిడ మాట్లాడిన మొదటి మాట
నాకు తెలిసి అదే.

గెలిచింది. కౌన్సిల్లో ఆవిడ, గుమ్మం బయట ఆయన,
ఇద్దరి మధ్యా సెల్‌ఫోను.
మూడో మీటింగులో ఫోను సంచిలో పడేసి లేచిందట:
"మా రెండొందల పన్నెండో మెట్టుకి
నీళ్ళు రాత్రి రెండింటికొస్తాయి.
ఆ టైముకి తమరెవరైనా ఎప్పుడైనా లేచారా,
ఒంటికి కాకుండా?"
బల్లలు చరిచింది అవతలి పార్టీవాళ్ళే.

రెండోసారి పేరొక్కటే రాయించింది.
నిచ్చెన పట్టుకున్నది ఇశ్రాయేలు.
కిందనుంచి అడిగాడు, "తావత్తు పెట్టావా?"

మూడోసారి సీటు జనరల్.
"మగాళ్ళున్నారు కదమ్మా" అన్నారట పార్టీ ఆఫీసులో,
టీ ఇచ్చి మరీ.
ఇండిపెండెంటు. గుర్తు కుట్టుమిషను.
సూదిలో దారం దాకా గీశాను ప్రతి గోడ మీదా.
నలభై ఒక్క ఓట్లు.
ఆ రాత్రి ఆ ఇంటి ముందు
అద్దె కుర్చీలు మడిచే చప్పుడు.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి, నా కుంచెలు బిరుసెక్కాయి.
ఎమ్మెల్యే పుట్టినరోజుకి సొరంగం దగ్గర కట్టినదాంట్లో
చివరి వరసలో, స్టాంపు సైజులో ఆవిడ.
పేరు కూడా లేదు.
చూసీ చూడనట్టు సైకిలు తొక్కాను.
ఎదురుపడినప్పుడు తనే అంది,
"ఏం చెయ్యమంటావు ఖాజా, పైపు వాళ్ళ చేతిలో ఉంది."
నేను మాట్లాడలేదు. నాకప్పుడు కోపం.

మొన్న మే నెలలో కబురు పంపింది.
ఎన్నికల్లేవు, పదవీ లేదు,
కొత్త వాల్వు పక్కన చిన్న గోడ.
"రాయి: నీళ్ళు పొద్దున ఐదున్నర నుంచి ఆరుంపావు దాకా."
రాశాను. కింద జాగా మిగిలింది.
"పేరు?"
కొంగుతో మెడ తుడుచుకుని చాలాసేపు చూసింది.
"వాల్వు తిప్పే కుర్రాడి నంబరు రాయి.
నీళ్ళు రాకపోతే నన్నెందుకు లేపడం,
వాణ్ణి లేపుతారు."

అంకెలకి డబ్బులు తీసుకోను నేను.
అక్షరాలవి, మొదటి గోడ తాలూకు ఎనభై రూపాయలు
వాళ్ళాయన ఇంకా బాకీ.