పావడా కట్టిన గేద

పుష్యమాసంలో టీకొట్టు ఫ్యాను తిరుగుతున్నాది.
ఏడు రోడ్ల కూడలి పక్కన, గోడకి బరకం కట్టుకుని
స్వెట్టర్ల మద్దిన కూకున్నాది ఆవిడ.
ఎవులూ ఆగట్లేదు.

నాను ఆగినాను. కొనడానికి కాదు,
సెయ్యి ఊరుకోలేదు.
ఎర్ర స్వెట్టరు అంచు రెండేళ్ళతో నలిపి, వాసన సూసి
"ఇది గొర్రి మీదది కాదమ్మా" అన్నాను.
నవ్వినాది. "లుధియానా మిల్లుది.
ఇన్నేళ్ళకి నువ్వొక్కడివే కనిపెట్టినావు."
మా సిక్కోలు మాటే, కొసన ఏదో కొండగాలి.

పేరు యాంజోమ్. పుట్టడం చంద్రగిరి కాంపులోనేనట,
ఒడిశా కొండల్లో.
ఆల్లమ్మ మటుకు ఎక్కడో మబ్బులకి మీద
గుడారం మోసుకుంటూ పశువుల ఎనకాల పెరిగిందట.
"నీకు మందుందా?" అనడిగినాది.
ఒక్క చనం ఇంకోలా అర్థమైనాది నాకు.
తేరుకుని, నూట పది అన్నాను. ఉన్ని రాని జాతి.
"ఉన్ని లేని గొర్రెలోడు, ఉన్ని లేని స్వెట్టర్లమ్మ"
ఈ మాట ఇద్దర్లో ఎవులన్నారో గుర్తులేదు.

ఫోన్లో బొమ్మ సూపించినాది.
గేద. పావడా కట్టిన గేద!
నల్లటి కుచ్చిళ్ళు నేలకి జీరాడుతున్నాయి,
ముందరి కాలొకటి మోకాలి దాకా బురదలో.
"పినతల్లి కొడుకు పంపినాడు.
నేల కిందున్న మంచు కరిగిపోతున్నాదట,
పచ్చిక పెళ్ళలు పెళ్ళలుగా కుంగిపోతున్నాదట.
అరవైలో నలభై అమ్మేసినాడు."

నేల కింద మంచేటి, అన్నాను.
నమ్మక కాదు.
మార్గశిరంలో తుపానేటి,
కోసిన వరి పనలు నీట్లో మొలకెత్తడమేటి,
మంద కట్టడానికి ఎండిన మడి ఒక్కటి దొరక్కపోడమేటి,
గిట్టల సందున ఈ పుండ్లేటి
అని ఆవిడ అడిగితే నా దగ్గర మాత్రం ఏటున్నాది?
మెట్టకి తోలుదామంటే జీడితోటలు, ముళ్ళకంచె.
"మరెక్కడికి తోలతావు?"
రోడ్డెంట.
"మావోడూ అదే అన్నాడు."

ఎర్ర స్వెట్టరు, ఏడాది పిల్ల కొలతది,
నూటయాభై సెప్పి ఎనభైకిచ్చినాది.
ఎవులికని అడగలేదు.

ఆ రాత్రి మళ్ళీ వాన.
నెల ముందే పడిపోయిన గొర్రిపిల్ల, తడిసి వణుకుతుంటే
ముందుకాళ్ళు సేతుల్లో దూర్చి తొడిగినాను.
తల్లి వచ్చినాది, వాసన సూసినాది,
తలతో తోసేసినాది.
మళ్ళీ దగ్గరెట్టినాను. మళ్ళీ తోసేసినాది.
లుధియానా సంగతి దానికీ తెలిసిపోనాది.
విప్పేసి, పంచె కొంగుతో తుడిచి,
దాని పాలే పిండి పిల్ల వీపుకి రాసినాను.
అప్పుడు నాకినాది.

నాలుగోనాడు స్వెట్టరు మడతెట్టి పట్టుకెళ్ళినాను,
ఇదుగో నీ మిల్లుగుడ్డ, పిల్ల మాత్రం బతికినాదని సెబుదామని.
గోడమేకుకి బరకం తాడు ముక్కే ఉన్నాది.
"బేరాల్లేక ముందే ఎల్లిపోనాది" అన్నాడు టీకొట్టోడు
సొక్కా గుండీలు విప్పుకుంటూ.

కాసేపు నిలబడినాను.
పశువుల్ని కట్టే ముడి అది.
లాగితే ఇంకా బిగుస్తాది.
ఎలా విప్పాలో నాకు తెలుసు.
విప్పలేదు.