నాలుగు అరచేతులు

ముత్తుకూరు రోడ్డులో కాలేషా కొట్టు ముందు
నా బండి జాకీల మీద లేచి నిలబడింది.
నాలుగు వందల యాభై గుర్రాలు
గాల్లో కాళ్లు వేలాడేసుకుని
ఏమీ చేయలేక.

బెంగళూరు డాక్టరొకాయన వాడి విసిగి అమ్మేస్తే కొన్నాను.
రొయ్యపిల్లల్ని పరీక్షించే ల్యాబు పెట్టి పదకొండేళ్లు.
తెల్లమచ్చ లేదని నేను చీటీ రాస్తే
రైతు నమ్మి చెరువులో పోసుకుంటాడు.
అంతమంది నమ్మకం మోసిన చేతులకి
ఒక్క స్టీరింగు కావాలనిపించింది.
వేరే సంజాయిషీ లేదు.

పోయిన కార్తీకంలో, వాయుగుండం రాత్రి,
వెంకటాచలం టోలుగేటు దాటి కొంచెం గట్టిగా తొక్కాను.
బండి వెనకభాగం
ముందుభాగం ఏం చూస్తోందో చూద్దామని
పక్కకొచ్చింది.
డివైడరు మీది గన్నేరు పూలు
ఒక్కొక్కటే లెక్కపెట్టగలిగినంత సేపు
రోడ్డుకి నేనెవరో తెలియలేదు.
ఇంట్లో చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

కాలేషా పాత టైరు గాడిలో రూపాయి బిళ్ల నిలబెట్టాడు.
బిళ్ల సిగ్గు లేకుండా మొత్తం కనిపించింది.
"ఏందమ్మయ్యా, తిరపతి పొయ్యొచ్చినట్టుండాయే ఇయ్యి!"
చెంచు స్పానరు ఆపి మరీ నవ్వాడు.

నేను ఇంట్లోనే ఎంచుకుని వచ్చాను:
మెత్తటి రబ్బరు, గాళ్లు తక్కువ,
పందేల ట్రాకు మీద పుట్టిన జాతి.
ఫోనులో బొమ్మ చూపిస్తే
ఎండుచేపని వాసన చూసినట్టు చూశాడు.

"మంచి సరుకే. ఎండలో గోడకి బల్లి పట్టినట్టు పట్టుద్ది.
ముందు నీ దోవ చెప్పు.
బొగ్గు లారీల దుమ్ము. రొయ్యల వ్యాన్లు కార్చే నీళ్లు.
కోతలప్పుడు సగం రోడ్డున మొలగొలుకులు ఆరబోసుంటారు,
వడ్ల మీద కెక్కితే ఎంత గుర్రమైనా
నడక మళ్లీ నేర్చుకోవాల్సిందే.
ఈ రబ్బరు పట్టాలంటే బాగా కాగాల.
ల్యాబుకి నువ్వు పొయ్యేది ఎనిమిది కిలోమీటర్లు.
అది కాగేలోపల నువ్వు టీ తాగుతుంటావు."

వాదించాను. మలుపు, బ్రేకు దూరం, చదివిందంతా.
పోనీ వెనకవి ఇంకా వెడల్పు వేద్దామా అన్నాను.
"వెయ్యి. నీళ్ల మీద తేలేదానికి
పడవ కూడా వెడల్పుగానే ఉండాల."

అప్పుడు లేచి
సిమెంటు గచ్చు మీద నా చెయ్యి పెట్టించి
చుట్టూ సుద్దముక్కతో గీశాడు.
ఒకటి. జరిపి ఇంకొకటి. నాలుగు.
"నీ బండికి భూమితో చుట్టరికం ఇంతే.
ఇంజనుకి ఎంత కోపమొచ్చినా
చెప్పుకోవాల్సింది ఈ నాలుగు చేతులతోనే."

సరే, అన్నాను. నీళ్లకి దోవ ఇచ్చే లోతు గాళ్లవే,
పక్కగోడ గట్టివి,
కంపెనీ చెప్పిన కొలతే.

కానీ అంకెలు చదవడం నా కూడు.
అతను తెచ్చి పరిచిన నాలుగింటినీ వంగి చూశాను.
పుట్టిన వారం, పుట్టిన సంవత్సరం, నాలుగే నాలుగు అంకెలు.
రెండు ఈ యేటివి. రెండు మూడేళ్లుగా అటక మీద ఎండినవి.
నేనేమీ అనలేదు, వేలు పెట్టి చూపించానంతే.
కాలేషా తల గోక్కున్నాడు.
"కళ్లద్దాలు లేవమ్మయ్యా," అన్నాడు, జేబులో అద్దాలతో.
మద్రాసు గోడౌనుకి ఫోను కొట్టాడు:
"నాలుగూ ఒకే వారం పుట్టినయ్యి కావాలంట,
అవును, కవలలే."

మూడోరోజు వచ్చాయి, చుట్టిన కాగితాల్లో, పచ్చి వాసనతో.
జాకీలు దిగాయి.
కుడి వెనక చక్రం
చెరగకుండా మిగిలిన సుద్దచేతి మీద వాలింది.
చేయి కనిపించలేదు.

"కొత్త రబ్బరు మీద జారుడు పూతుంటది.
రెండొందల కిలోమీటర్లు మెల్లగా పో.
తొక్కినావంటే నా పేరు చెప్పమాక."

పోర్టు రోడ్డులో బొగ్గు లారీ వెనక
నలభైలో పోతున్నాను.
రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల ఆటో
ఊగుతూ వచ్చి నన్ను దాటింది.
ఒకామె చెయ్యి బయటపెట్టి
రా, రా, అని పిలిచింది.
నూట తొంభై ఆరు కిలోమీటర్లున్నాయి ఇంకా.