మేకులు

శాలిబండలో ఆ మేడ మీదికి
మెట్లు ఎక్కడం కాదు, దూరడం.
మూడో మలుపులో నా భుజాన ఉన్న సంచి గోడని గీరి
గుప్పెడు సున్నం రాల్చింది.
ఏడడుగుల పలక ఇక్కడ తిరగదు,
గల్లీలోంచి తాడుతో లాగాల్సిందే
అని రాసుకున్నాను.

పైన సగం స్లాబు.
మిగతా సగం తాతల నాటి కప్పు,
టేకు దూలాల మీద ఇటుక, సున్నం.
మడమతో తడితే బోలుగా పలికింది.
అక్కడ డ్రిల్లు పెడితే
కింద వాచీలు బాగుచేసే జహీరుద్దీన్ బల్ల మీద పడతాం
నేనూ, నా బోల్టూ.

ఆగ్నేయాన పక్కింటివాళ్ళ నల్ల ట్యాంకు
అప్పుడే ఇటు కాలు చాపింది.
దాని పక్కన పిల్లరు చువ్వలు,
ఇంకో అంతస్తు వస్తుందని బెదిరిస్తూ.

ఫోన్లో సూర్యుడి దారి గీసి చూశాను.
డిసెంబరు గీత ట్యాంకు వెనక్కి పోయి
పదకొండు దాకా రాలేదు.

"క్యా బోల్రా ఫోను?"
ఖమరున్నిసా బేగం నీలి వేళ్ళతో చాయ్ అందించింది.
దుపట్టాలకి రంగులద్దే మనిషి.
పిట్టగోడ నిండా మేకులే.
వరసలో లేవు,
మతి తప్పినవాడెవడో కొట్టినట్టు.

"రంగేసిన బట్ట ఎండకి ఆరితే సచ్చిపోతది బేటా.
నీడ ఎటు పోతే తాడు అటు.
ఇది చలికాలం షాదీలది.
ఇది మామిడిపండ్లప్పటిది.
రంజాన్‌కి మేకు లేదు,
అది ప్రతి సాలు జరుగుతది."

చాక్‌పీసుతో నా గీత గీశాను.
ఆమె మేకుకీ దానికీ నాలుగు వేళ్ళ తేడా.
మళ్ళీ కొలిచాను.
ట్యాంకు కింది దిమ్మెని మరిచిపోయింది నేనే.

పాతికేళ్ళ ఎండ గోడ మీదే ఉంది,
తుప్పు పట్టి, చేత్తో తడిమితే తగిలేలా.
మేకులు ఎక్కడ ఆగాయో
అక్కణ్ణించి పలకలు.
ఆరు చాలు.
కాళ్ళు గోడల మీద, నడి కప్పు మీద కాదు.
తొమ్మిదడుగులు లేపితే కింద నీడ.

"నీడ కూడా ఇస్తరా?" అని
మొదటిసారి నా వైపు తిరిగింది.
"కిరాయి ఎంత?"

ఫారంలో ఒక గడి మాత్రం నిండలేదు.
భవిష్యత్తులో రాబోయే అడ్డంకులు, అని ఉంది.
పెన్ను పట్టుకుని
ఆ చువ్వల వైపు చూస్తూ నిలబడ్డాను.
ఒకదాని మీద తెగిన పతంగి తోక ఊగుతోంది.

ఆమె కూడా అటే చూసింది.
"కట్టనీ" అంది,
తడి దుపట్టా దులుపుతూ.
"మేకులున్నయి."