నాలుగు గ్రాములు

టెక్కలి బజారులో, ఫోన్ల రిపేరు బల్ల మీద,
అరచేతిలో పట్టే నేరో గేజి ఇంజను.
బాయిలరు కడుపులో ఖాళీ
ఎనిమిది మిల్లీమీటర్లు, అంతే.

మూడు డీకోడర్లు ముందేసుక్కూచున్నాను.
ఒకటి కూత కూస్తుంది, ఆవిరి వదిలినట్టు నిట్టూరుస్తుంది,
మూత మాత్రం పడదు.
ఒకటి చింతగింజంత, చవక;
మోటారు మొరాయిస్తే
అర ఆంపియరుకే కాలిన వాసన.
మూడోదానికి పాటా లేదు, మాటా లేదు.
నూట ఇరవయ్యెనిమిది మెట్ల వేగంలో
మొదటి మెట్టు మీదే
ఆగకుండా నడవగలదు.

నాకు కావలసింది అదే.
నౌపడా ఉప్పుమళ్ళు దాటాక
కదిలే బండి దిగి, ముంజెలు బేరమాడి,
పరిగెత్తకుండానే ఎక్కేవోళ్ళం.

ఎరుపు, నలుపు పట్టాలకి. నారింజ, బూడిద మోటారుకి.
ఊపిరి బిగబట్టి అతికాను.
చోటు చాలక సీసం గీకాను.
నూకాచారి త్రాసులో వేసి, "నాలుగు గ్రాములు.
బంగారమైతేనా..." అన్నాడు.

బరువు తగ్గిన ఇంజను
అట్టతో కట్టిన టెంబూరు ఎత్తు మీద
చక్రాలు జార్చుకుంటోంది.
ఆ రజను పొట్లం కట్టి
వెనక బొగ్గుపెట్టెలో పడుకోబెట్టాను.

మరి కూతెవరు కూస్తారని
పక్క కొట్టు గుంటడు అడుగుతున్నాడు.
నీకు నోరు లేదేటి?