శుక్రవారం, పడవల అడుగున

సరంగు లేకుండా, కళాసీ లేకుండా
వారానికింతని అద్దెకిచ్చే తెరచాప పడవలు మావి.
ముర్తెర్ దీవిలో, మూడో జెట్టీ చివర.
శనివారం అప్పజెబుతాం, శుక్రవారం లెక్కజూసుకుంటాం.
నా పని శుక్రవారాలు.
అందరూ తిరిగొచ్చాక
నేను నీళ్ళలోకి దిగుతాను.

పడవ కిందకి పోయి
దాని ఇనప వెన్ను మీద అరచెయ్యి పెట్టి
ఆ కొస నుంచి ఈ కొసకి నిమురుతాను,
గొడ్డును కొనేవాడు డొక్క తడిమినట్టు.
జెట్టీ మీద ఏం చెప్పినా సరే
కింద రాసే ఉంటుంది.
"ఎక్కడా తగల్లేదు, ఒట్టు!" అంటాడొకడు.
కింద బెత్తెడు గాటు,
గాట్లో ఇంకా తెల్లగా సున్నపురాయి పొడి.
ఆఫీసులో స్లావిత్సా సొరుగులో
రెండు వేల యూరోల డిపాజిట్
నా చేతి మాట కోసం కాచుకుని ఉంటుంది.

ఆ వారం వచ్చినవాడి పేరు బ్లాహొస్లావ్.
ఓలొమౌత్స్‌లో కళ్ళజోళ్ళ షాపు.
సముద్రమే లేని దేశం.
లైసెన్సు కాగితం ప్లాస్టిక్ తొడుగులో పెట్టి
రెండు చేతుల్తో పట్టుకొచ్చాడు.
భార్య, ఇద్దరు బావమరుదులు, పదేళ్ళ పిల్ల.
ప్రతి తాడు పేరూ రెండుసార్లు అడిగి రాసుకున్నాడు.
బావమరుదులు బీరు పెట్టెలు లెక్కపెట్టుకున్నారు.

శుక్రవారం అందరికన్నా ముందొచ్చాడు.
డీజిల్ నింపి, గిన్నెలు తోమి,
తెరచాప ఇస్త్రీబట్టలా మడిచి.
జెట్టీ మీదికి దూకి నా మణికట్టు పట్టుకున్నాడు.
"తగిలింది," అన్నాడు.
"బుధవారం రాత్రి, కొర్నాతిలో లంగరేసిన చోట.
గాలి మళ్ళింది. రెండున్నరకి
కింద ఎవరో పళ్ళు నూరినట్టు చప్పుడు.
అందరూ నిద్రలో ఉన్నారు. చెప్పలేదు.
అప్పట్నుంచి ముద్ద దిగలేదు."

పెద్ద బావమరిది వెనకనుంచి కళ్ళెగరేశాడు:
నోరు మూసుకుని ఉంటే పోయేదిగా!

దిగాను.
సెప్టెంబరు నీళ్ళు. పడవ నీడలో ఇంకాస్త చల్లన.
ముందంచు. అడుగు. వెనకంచు.
చుక్కాని కొస.
నున్నన.
నాచు జిగురు తప్ప ఏమీ లేదు.

పైకొచ్చి చెప్తే నమ్మలేదు.
"ఇంకోసారి చూడండి," అన్నాడు
ఎక్స్‌రే తీసినాయన్ని అడిగినట్టు.
ఇరవై రెండేళ్ళలో
గాటు లేదంటే బతిమాలుకున్నవాణ్ణి చూళ్ళేదు.

మళ్ళీ దిగాను.
ఈసారి చూడ్డానిక్కాదు,
అతను చాలనుకునేంతసేపు కింద ఉండటానికి.
మోకాళ్ళు సలుపుతున్నాయి.
తలెత్తితే నీళ్ళకవతల
వంగిన అతని ఆకారం
ముక్కలై, అతుక్కుని, మళ్ళీ ముక్కలై.

"లంగరు గొలుసు," అన్నాను పైకొచ్చి.
"గాలి తిరిగితే రాతి మీద ఈడ్చుకుంటుంది.
పగలైతే ఎవరూ పట్టించుకోరు.
రాత్రి, ఒక్కడివే మేలుకునుంటే
పడవ రెండుగా చీలినట్టుంటుంది."

"గొలుసేనా?"
"గొలుసే."

తాళ్ళు కట్టే ఇనప గుంజ మీద కూలబడ్డాడు.
అద్దాలు తీసి తుడిచాడు, తుడుస్తూనే ఉన్నాడు.
పిల్ల వచ్చి పక్కన నిలబడి ఏదో అంది.
వాళ్ళ మాట మా మాటకి చుట్టమే;
సగం అర్థమైంది, మిగతా సగం ఆ ముఖంలో చూశాను.
"నాకూ వినబడింది నాన్నా.
నువ్వు లేచి తిరుగుతున్నావుగా అని
మళ్ళీ పడుకున్నా."

అతనేమన్నాడో నేను వినలేదు.
స్లావిత్సాకి బొటనవేలెత్తి చూపించాను,
సొరుగు తెరిచిన చప్పుడైంది.
అప్పటికే పక్క పడవాయన
ఎండకి కందిన పొట్ట నిమురుకుంటూ
మొదలుపెట్టాడు:
"మాకైతే ఎక్కడా..."

కళ్ళద్దంలో ఉమ్మి, వేలితో రుద్ది, కడిగి,
దిగాను.