గట్టు మీద నొక్కితే

నరసన్నపేట సెక్షన్ ఆఫీసు, మేడ మీద గది.
ఫ్యాను మూడో నంబరు దాటదు.
నా పని పొలాలు గీయడం.
సర్వే పటం పక్కన పెట్టుకుని
మడికో బహుభుజి, కాలువకో నీలిగీత,
తూముకో చిన్న ఎర్ర సున్నా.

గీసిన బొమ్మకి
తనను ముట్టుకున్నారని తెలీదు.
తెరకి తెలిసేవి రెండే అంకెలు:
ఎడమ నుంచి ఇంత, పై నుంచి ఇంత.
పై నుంచే. ఇక్కడ కిందికి దిగేకొద్దీ
అంకె పెరుగుతుంది, నూతిలో చేదతాడులా.
ఆ రెండూ పట్టుకుని
ఎవరి మడిలో కాలు పడిందో
నేనే వెతికి చెప్పాలి.

మొదట సులువు దారి తొక్కాను.
మడి చుట్టూ కనపడని పెట్టె కట్టి
పెట్టెలో పడితే చాలు, ఆ మడే అనేశాను.
గెడ్డ వారన కొడవలిలా వంగినదొకటుంది,
నూట పద్నాలుగు బై రెండు, సాసపు జోగులుది.
దాని వంపులో ఎక్కడ నొక్కినా
పక్క మళ్ళు మూడూ జోగులివే అయిపోయాయి.
కాగితం మీద భూమి కలుపుకోవడం
నాతోనే మొదలవలేదు లెండి.

లస్కరు దుక్క అసిరినాయుడు
తూము తాళాలు అప్పగించడానికొచ్చి
తెర ముందు వంగి, జోగులు మడి మీద
వేలు పెట్టి నొక్కాడు.
వేలిముద్ర పడింది, కాస్త మట్టితో.
"పలకదేటమ్మా?"
మౌసు ఇచ్చాను. అంటే ఎలక అని చెప్పాను.
"ఎలకలే గదమ్మా మా గట్లు తినేత్తన్నాయి"
అంటూ కోడిపిల్లని పట్టినట్టు పట్టుకున్నాడు.

అమాసనాడు ఎవరి మడిలో ఉన్నావో
నీకెలా తెలుస్తుందని అడిగాను.
"తిన్నగా ఒక పక్కకే నడుస్తాను.
గట్లు లెక్కెట్టుకుంటాను."

ఆ రాత్రి అదే రాశాను.
నొక్కిన చుక్క నుంచి తూర్పుకి ఒక గీత,
పొలిమేర దాకా.
ఆ మడి గట్టుని బేసిసార్లు దాటితే లోపలున్నట్టు,
సరిసార్లయితే బయట.
కొడవలి వంపు దారికొచ్చింది.
మూడు మళ్ళూ ఎవరివి వాళ్ళకి వెళ్ళిపోయాయి.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు.
చూసినంతసేపు చూసి
"మరి గట్టు మీద నొక్కితే ఎవులిది?"

నాకు సిగ్గేసింది. అయినా చెప్పాను:
ఎవరి మడి చివర గీశానో వాళ్ళది.
పైన పరుచుకున్నదే పలుకుతుంది.

నవ్వాడు. "మాకాడా అంతే.
ఏటేటా గట్టు సెక్కినోడి మడి
బెత్తెడు పెరుగుతాది.
నిదరోయినోడిది తరుగుతాది."
మెట్ల దాకా వెళ్ళి ఆగి
"గట్టు మీద కంది మాత్రం
ఎవులేస్తే ఆళ్ళదే, అది రాసుకో" అన్నాడు.

గట్లన్నీ విడిగా గీశాను, అన్నిటికంటే పైన,
ఆరు చుక్కల మందాన.
వాటికి వేరే చెవులు పెట్టాను.
నొక్కితే ఇద్దరి పేర్లూ వస్తాయి.
ఏఈ గారు చూసి
"పేరుకి ఒక్కటే గడి ఉందమ్మా, రెండు పట్టవు" అన్నారు.
ఇంకా మార్చలేదు. ఆయనా అడగలేదు.
కందికి ఏ రంగు వెయ్యాలో తేలలేదు.

తెర తుడవలేదు కూడా.
పటం జరిపితే మళ్ళు జరుగుతాయి,
ఆ ముద్ర జరగదు.
నేను కాలువ వెంట కిందికి పోయిన కొద్దీ
అసిరినాయుడు వేలి మట్టి
ఒక్కొక్కరి మడి మీదా
కాసేపు నిలబడుతుంది.