ముప్పై మీటర్ల వరండా

నా పని ఊదించడం.
ఎర్రగడ్డలో, మెట్రో పోయినప్పుడల్లా కిటికీ రెక్క వణికే గదిలో
రోజుకు ఇరవై మంది చేత ఊదిస్తాను.
ముక్కుకు క్లిప్పు, నోట్లో అట్ట గొట్టం.
"పీల్చండి, పీల్చండి, ఇప్పుడు ఊదండి ఊదండి ఊదండి
ఇంకా ఉంది ఇంకా ఉంది"
ముందు అలిసేది నా గొంతే.

ఖదీర్ భాయ్ దగ్గర ఇంకా లేదు.
రెండో సెకనుకే గీత నేలకు దిగింది.
ఉబ్బసమైతే గాలి బయటికి రావడానికి మొరాయిస్తుంది.
ఈయనకు సాఫీగానే వస్తుంది,
లోపల ఉన్నదే కొంచెం.
చిన్న గ్లాసు. అడుగంటా తాగినా చిన్న గ్లాసే.

చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో రెండేళ్లు:
ఆర్నెల్ల టీబీ మందు
(కఫంలో పురుగు ఎన్నడూ కనబడలేదు, అయినా మింగాడు),
తర్వాత మూడు రంగుల పంపులు,
ఆ తర్వాత గుండె పరీక్షలు. గుండె బాగుంది.
"దగ్గొక్కటే అమ్మా, నన్ను ఇడిచిపెట్టంది."

డాక్టర్ వారిజ వీపు మీద, కింద, బాగా కింద
స్టెతస్కోప్ పెట్టి నన్నూ వినమంది.
పిల్లల చెప్పు పట్టీని మెల్లగా ఊడదీసినట్టు
చర్‌ర్‌ర్,
పీల్చిన ప్రతిసారీ చివర్లో.

పావురాలున్నాయా? లేవు.
పక్కింటి మిద్దె మీద? లేవు.
కట్టెల పొయ్యి? రాళ్లు కొట్టావా? బీడీ?
కీళ్ల నొప్పులా? చలికి వేళ్లు తెల్లబడతాయా?
అన్నిటికీ తల అడ్డంగా.
మరి ఏం పని?
"బిజినెస్" అన్నాడు, కొంచెం నిటారుగా కూర్చుని.

వేలికి క్లిప్పు పెట్టేది నేను కదా.
గోళ్లు బోర్లించిన చెంచాల్లా ఉబ్బి ఉన్నాయి,
వాటి కింద పచ్చటి నలుపు.
వంగి వాసన చూశాను, తప్పో ఒప్పో.
మా ఇంట్లో ఏప్రిల్ మొదటి సాయంత్రం.
తడి గడ్డి.
"భాయ్, కూలర్లా?"

ముషీరాబాద్‌లో రేకుల షెడ్డు. ఇరవై ఆరు ఎండాకాలాలు.
నిరుటి గడ్డి పీకి, దులిపి, కొత్తది కూరి, జాలీ బిగించి,
"బూజు పట్టిందైతే మెత్తగొస్తది, చేతులతోనే పీకేస్త.
పొగ లేస్తది చూడు, గిట్ల!"
రెండు చేతులూ గాల్లోకి లేపి చూపించి
దగ్గులో పడిపోయాడు.

గురువారం మీటింగులో తెర మీద ఆయన ఛాతీ.
గరుకు అద్దం వెనక వెలుతురులాంటి మసక,
అడుగున, కుడివైపు, నాలుగు గదుల తేనెపట్టు.
"ఈ నాలుగూ ఇక పోయినట్టే" అంది వారిజ.
"మసక సంగతి చూద్దాం."
ఊపిరితిత్తి కడిగిన నీళ్ల లెక్క కూడా అదే మాట చెప్పింది.
ముక్క కోయనక్కర్లేదన్నారు అందరూ,
పెథాలజీ సార్ తప్ప. ఆయనకు ముక్క లేకపోతే తోచదు.

చీటీ మీద మాత్రల కంటే ముందు, ఒకటో నంబరు:
గడ్డి ముట్టరాదు.
తర్వాతే ఉదయం ఇన్ని, నెలనెలా తగ్గిస్తూ,
మొహం గుండ్రమవుతుంది, షుగర్ చూసుకోవాలి.
ఆయన ఒకటో నంబరు దగ్గరే ఆగాడు.
"మరి ఎండాకాలం?"
వారిజ పెన్ను మూత పెట్టింది, తీసింది.

వరండాలో ఎర్ర టేపు నుంచి ఎర్ర టేపుకు
ముప్పై మీటర్లు. ఆరు నిమిషాలు.
"ఆగొచ్చు భాయ్, గడియారం మాత్రం ఆగదు."
ఆ రోజు తొమ్మిది సార్లు. గోడ పట్టుకుని రెండుసార్లు.
వేలి మీద తొంభై నాలుగు
ఎనభై మూడయ్యే దాకా చూస్తూ పక్కనే నడిచాను.

పది నెలలకు మళ్లీ వచ్చాడు, బూరె మొహంతో.
పన్నెండు సార్లు. గోడ అవసరం రాలేదు.
అద్దం మసక సగం తేరింది. తేనెపట్టు ఎక్కడిది అక్కడే.
గీత రెండో సెకనుకే దిగింది మళ్లీ,
కాకపోతే కాస్త పైనుంచి.

ఇప్పుడు షెడ్డుకు దూరంగా, గాలికి ఎగువన కూర్చుని
మోటార్లు చుడుతున్నాడట.
గడ్డి పని?
"మా మేనల్లుడు షాకిర్. మాస్కు కొనిచ్చిన."
పెట్టుకుంటాడా?
"నేను చూస్తున్నంతసేపు."

అట్ట గొట్టం కొత్తది తీసి పక్కన పెట్టాను.
వాణ్ణి తీసుకురా భాయ్,
ఒక్కసారి ఊదిస్తాను.